సెల్ఫ్ సర్వీస్ కార్ వాష్ కొన్నాం, ఆదాయం పెంచుకునే దారి చెప్పండి (రోజెన్‌బర్గ్, టెక్సాస్)

పాలకొల్లు_టు_టెక్సాస్ | మార్చి

అందరికీ నమస్కారం. హ్యూస్టన్‌కి నైరుతి దిక్కున రోజెన్‌బర్గ్ ఉంది కదా, అక్కడ హైవే 36 పక్కన ఒక సెల్ఫ్ సర్వీస్ కార్ వాష్ ఈమధ్యే కొన్నాం. నేను, మా బావమరిది కలిసి, స్థలంతో సహా తీసుకున్నాం. మొత్తం ఐదు బేలు, అంటే బండి నిలిపి కడుక్కునే గదులు. నాలుగింటికి పైకప్పు ఉంది. ఐదోది పైకప్పు లేని పెద్ద బే, పడవలు, ట్రైలర్లు పట్టేది. ఆరు వ్యాక్యూమ్‌లు, ఒక వెండింగ్ మెషీన్, నోట్లకు చిల్లర ఇచ్చే ఒక బిల్ ఛేంజర్ ఉన్నాయి. తనంతట తానే కడిగే ఆటోమేటిక్ మెషీన్ లేదు. పాత ఓనర్ పెద్దాయన, మంచి మనిషి. కానీ చివరి కొన్నేళ్లు ఓపిక లేక పెద్దగా పట్టించుకోలేదు.

అన్నీ క్వార్టర్లతోనే (పావు డాలర్ నాణేలు) నడుస్తున్నాయి, కార్డు సదుపాయం లేదు. రేటు 4 నిమిషాలకు 2.50 డాలర్లు. బేలన్నీ కలిపి నెలకు 4,200, వ్యాక్యూమ్‌లు 800, అంటే గ్రాస్ 5,000 దగ్గరే ఆగిపోతోంది. బ్యాంకు వాయిదా, ఇన్సూరెన్స్, నీళ్లు, కరెంటు, ప్రాపర్టీ టాక్స్ పోగా చేతికి మిగిలేది చాలా తక్కువ. దీనికి తోడు రెండు మైళ్ల దూరంలో కొత్త ఎక్స్‌ప్రెస్ టన్నెల్ తెరిచారు, కారులో కూర్చునే ఉంటే మెషీన్లే కడిగేస్తాయి. నెలకు ఇంతని కడితే ఎన్నిసార్లైనా కడిగించుకోవచ్చు.

మా బావమరిది ఒక బే తీసేసి టచ్‌లెస్ ఆటోమేటిక్ పెడదాం అంటున్నాడు. దానికి మళ్లీ అప్పు చేయాలి. నాకు ధైర్యం చాలడం లేదు. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి, ముందు దేని మీద డబ్బు పెట్టాలి?

ఎడిసన్_అన్న | న్యూజెర్సీ

కంగ్రాట్స్ తమ్ముడూ. స్థలంతో సహా కొన్నావు చూడు, అది మంచి పని. మాకు ఇక్కడ రెండు ఉన్నాయి. ఒకదాంట్లో ఆటోమేటిక్ కూడా ఉంది కాబట్టి తెలిసే చెబుతున్నాను, ఇప్పుడు ఆటోమేటిక్ జోలికి వెళ్లకు. మెషీన్, ఫిట్టింగ్, ప్లంబింగ్, పే స్టేషన్ అన్నీ కలిపితే లక్ష డాలర్లు సునాయాసంగా దాటిపోతుంది. టచ్‌లెస్ అంటే బ్రష్ తగలదు, కాబట్టి మురికి వదలడానికి ఘాటైన కెమికల్, చాలా నీళ్లు కావాలి. చిన్న సెన్సర్ పోయినా మొత్తం ఆగిపోతుంది. రిపేరుకి మనిషి వచ్చేదాకా కోన్లు అడ్డం పెట్టి కూర్చోవాలి. పైగా దాని పోటీ నేరుగా ఆ టన్నెల్‌తోనే. వాళ్లకు బలం ఉన్నచోట మనం వెళ్లి తలపడటం ఎందుకు?

ముందు ఒక పని చెయ్. రాత్రి తొమ్మిదికి నీ సొంత కారు వేసుకుని, కస్టమర్‌లాగే ప్రతి బేలోకీ వెళ్లు. ఇరవై డాలర్ల నోటు ఛేంజర్‌లో పెట్టు, చిల్లర వస్తుందా చూడు. డయల్ మీద ఉన్న ప్రతి ఫంక్షన్ తిప్పు: ప్రీ సోక్, సబ్బు, ఫోమ్ బ్రష్, రిన్స్, వ్యాక్స్, స్పాట్ ఫ్రీ (చుక్కలు పడకుండా చివర్లో కడిగే నీళ్లు). ఏది ఎన్ని సెకన్లకు వస్తోంది, అసలు వస్తోందా లేదా రాసుకో. డయల్ తిప్పాక సబ్బు రావడానికి ఇరవై సెకన్లు పట్టిందంటే ఆ ఇరవై సెకన్లు కస్టమర్ డబ్బు. ఆ మనిషి కంప్లయింట్ ఏమీ చేయడు, మళ్లీ రాడంతే.

ఇంకొకటి, ఏ బే ఎంత తెస్తోందో విడివిడిగా లెక్క రాయడం ఈరోజే మొదలుపెట్టు. అన్ని డబ్బాల్లోని క్వార్టర్లూ ఒకే బకెట్‌లో పోసి లెక్కపెట్టేవాళ్లకు ఏ బే జబ్బు పడిందో ఎప్పటికీ తెలియదు.

కేటీ_కుర్రాడు | కేటీ, టెక్సాస్

అన్నా, నిరుత్సాహపరచాలని కాదు, నిజంగానే అడుగుతున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో అందరికీ టన్నెల్ మెంబర్‌షిప్‌లే. కూర్చున్నచోటే పని అయిపోతుంటే ఎండలో నిలబడి గన్ను పట్టుకుని ఎవరు కడుక్కుంటారు?

ఎడిసన్_అన్న | న్యూజెర్సీ

మంచి ప్రశ్న బ్రదర్. కామ్రీ, టెస్లా వాళ్లు టన్నెల్‌కే పోతారు, పోనివ్వండి. టన్నెల్ తీసుకోని బండ్లు ఎన్నో ఉన్నాయి. ఎత్తు పెంచిన పికప్‌లు, వెనక నాలుగు చక్రాల ట్రక్కులు, నిచ్చెన రాక్‌లు ఉన్న వర్క్ వ్యాన్లు, బెడ్ నిండా సామాను ఉన్న బండ్లు. బెడ్‌లో వస్తువులుంటే చాలా టన్నెళ్లు లోపలికే రానివ్వవు. మోటార్‌సైకిళ్లు, లాన్ కోసేవాళ్ల ట్రైలర్లు, పడవలు, ఏటీవీలు కూడా మనకే. బ్రష్ తగిలితే పెయింట్ మీద గీతలు పడతాయని భయపడే కొత్త కారువాళ్లు సరేసరి. వీళ్లలో సగం మంది 4 నిమిషాల్లో ముగించరు, పది పన్నెండు నిమిషాలు కడుగుతారు.

తమ్ముడి స్థలం హైవే 36 మీద ఉందన్నాడు. ఆ రోడ్డు అలాగే దక్షిణంగా నీడ్‌విల్, వెస్ట్ కొలంబియా మీదుగా ఫ్రీపోర్ట్ వెళుతుంది. ఆదివారం సాయంత్రం సముద్రం దగ్గర నుంచి వచ్చే పడవలు, సర్ఫ్‌సైడ్ బీచ్ ఇసుకలో తిరిగిన జీపులు ఆ దారినే వెనక్కి వస్తాయి. ఉప్పునీరు ట్రైలర్ బేరింగులను, బ్రేకులను తినేస్తుందని వాళ్లకు బాగా తెలుసు. ఇంటికి వెళ్లేలోపు కడిగి తీరతారు. ఆ పైకప్పు లేని బేని చిన్నచూపు చూడకు తమ్ముడూ.

పాలకొల్లు_టు_టెక్సాస్

అన్నా, మీరు చెప్పినట్టే రాత్రిపూట వెళ్లి చూశాం. మూడో బేలో ప్రెషర్ లేదు, గన్ను నొక్కితే పైపులో నీళ్లు కారినట్టే వస్తున్నాయి. రెండు, నాలుగు బేల్లో ఫోమ్ బ్రష్‌లో నురగ రావడం లేదు, సబ్బునీళ్లు కారుతున్నాయి. రెండు వ్యాక్యూమ్‌లు చప్పుడు తప్ప ఏమీ లాగడం లేదు. లైట్లు పాత సోడియం దీపాలు, సగం వెలగడం లేదు. స్పాట్ ఫ్రీతో కడిగి వదిలేసినా కారు మీద తెల్ల చుక్కలు పడ్డాయి. ఛేంజర్ ఇరవై నోటు తీసుకోదు.

మూడో బేకి కొత్త పంప్ వేయాలేమో, వెయ్యి డాలర్ల పైమాటే అన్నాడు ఇక్కడి టెక్నీషియన్.

బెజవాడ_సర్వీసింగ్ | విజయవాడ

నమస్తే అండి. మాది ఆటోనగర్ దగ్గర వాటర్ సర్వీసింగ్ సెంటర్. మా దగ్గర కుర్రాళ్లు కడుగుతారు, మీ దగ్గర కస్టమరే కడుక్కుంటాడు. కానీ పంప్ ఎక్కడైనా పంపే. కొత్తది కొనే ముందు నాజిల్ మార్చి చూడండి. గన్ను చివర ఉండే ఇత్తడి లేదా స్టీల్ ముక్క, కొద్ది డాలర్లలో దొరుకుతుంది. నీళ్ల రాపిడికి దాని రంధ్రం నెమ్మదిగా పెద్దదవుతుంది. రంధ్రం పెద్దదైతే నీళ్లు ఎక్కువ పోతాయి, ఫోర్సు పడిపోతుంది. అంటే నీళ్ల బిల్లు పెరుగుతుంది, కస్టమరూ పోతాడు.

కనిపెట్టడం చాలా తేలిక. ఒకే కొలత బకెట్ తీసుకుని ప్రతి గన్నుతోనూ నింపి, ఫోన్‌లో సెకన్లు చూడండి. మీ నాజిళ్లు నిమిషానికి 4 గ్యాలన్లు వదిలే రకమైతే 5 గ్యాలన్ల బకెట్ నిండడానికి 75 సెకన్లు పట్టాలి. 55లోనే నిండిపోతే నాజిల్ అరిగినట్టు. 100 దాటితే నీళ్లు ఎక్కడో ఆగుతున్నాయి. ఫిల్టర్ జాలీ మూసుకుపోవచ్చు, ఇన్‌లెట్‌లో గాలి చేరవచ్చు, వాల్వులో ఇసుక రేణువు ఇరుక్కోవచ్చు.

తర్వాత పంప్ పక్కన ఆయిల్ కనిపించే అద్దం చూడండి. ఆయిల్ పాలరంగుకి తిరిగిందంటే సీళ్లు పోయి నీళ్లు లోపలికి చేరుతున్నాయి. అప్పుడు కూడా సీల్ కిట్, వాల్వు కిట్ వేస్తే చాలాసార్లు సరిపోతుంది. పంప్ మొత్తం మార్చమని చెప్పడం టెక్నీషియన్‌కి సులువు, మనకు బరువు. బెల్టు వదులైనా ఇదే గొడవ వస్తుంది, అది కూడా చూడండి.

ఎడిసన్_అన్న | న్యూజెర్సీ

బెజవాడ గారూ, లాభం తెచ్చే మాట చెప్పారు. బకెట్ పరీక్ష నెలకోసారి అన్ని బేలకీ చేయాలి తమ్ముడూ.

నురగ విషయం. ఫోమ్ బ్రష్‌లో సబ్బు, నీళ్లతో పాటు గాలి కలవాలి. నురగ రాలేదంటే ఎక్కువగా కంప్రెసర్ నుంచి వచ్చే గాలి లైన్‌లోనో, చెక్ వాల్వులోనో లోపం ఉంటుంది. సబ్బు ఎక్కువ పోస్తే ప్రయోజనం ఉండదు. బ్రష్ వెంట్రుకలు కూడా చూడు. పికప్‌వాళ్లు బురద ఉన్న చక్రాలకు, బెడ్‌కి అదే బ్రష్ వేసి రుద్దుతారు. ఆ ఇసుకతో తర్వాతి వాళ్ల కారు గీరుకుపోతుంది. ‘ముందు గన్నుతో మట్టి వదిలించి, తర్వాతే బ్రష్ వాడండి’ అని ఇంగ్లిష్‌లోను, స్పానిష్‌లోను పెద్ద అక్షరాలతో రాయించు. మీ ఏరియాలో స్పానిష్ లేకుండా బోర్డు పెట్టడం దండగ.

చుక్కల సంగతి అయితే, స్పాట్ ఫ్రీ అనేది ఆర్‌వో నీళ్లు. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపే టీడీఎస్ మీటర్ ఇరవై డాలర్లలోపే దొరుకుతుంది. ఆర్‌వో నీళ్లలో 50 దాటి చూపిస్తే నమ్మకం పెట్టుకోవద్దు. ఆర్‌వోకి ముందుండే కార్బన్ ఫిల్టర్ మార్చకుండా వదిలేస్తే నీళ్లలోని క్లోరిన్ మెంబ్రేన్‌ని పాడుచేస్తుంది. అలాగే నీళ్ల కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్‌లో ఉప్పు ఉందా? నీళ్లు కఠినంగా ఉంటే సబ్బు నురగ రాదు, కెమికల్ ఖర్చు పెరుగుతుంది. ఆర్‌వో వదిలేసే నీళ్లను డ్రైన్‌లోకి పోనివ్వకుండా సబ్బు, రిన్స్ ట్యాంకుకి మళ్లించుకో, దానికి పనికొస్తాయి.

లాండ్రీ_లక్ష్మి | ఇర్వింగ్, టెక్సాస్

నాది కాయిన్ లాండ్రీ అండి, కార్ వాష్ కాదు. కానీ చిల్లర వ్యాపారం చిల్లర వ్యాపారమే. రిపేర్లు అయ్యాక మొట్టమొదట కార్డు రీడర్లు పెట్టండి. ఈ రోజుల్లో ముప్పై ఏళ్లలోపు పిల్లల జేబులో క్వార్టర్లు ఎక్కడున్నాయి? వాళ్లు ఛేంజర్ దగ్గరికి కూడా వెళ్లరు, బే ముందు ఆగి చూసి వెళ్లిపోతారు. క్రిప్టోపే, నాయాక్స్ లాంటివి కార్ వాష్ బేలకు బాగా వాడుతున్నారు. పేరు చూసి క్రిప్టో కరెన్సీ అనుకోకండి, మామూలు క్రెడిట్ కార్డు రీడరే.

కార్డుకి ‘కౌంట్ అప్’ పద్ధతి పెట్టించుకోండి. కస్టమర్ కార్డు గీకగానే మీటర్ సున్నా నుంచి పైకి నడుస్తుంది, ఆయన స్టాప్ నొక్కినప్పుడు ఎంతైతే అంత పడుతుంది. క్వార్టర్లతో అయితే ‘అయ్యో టైం అయిపోతోంది’ అని టెన్షన్ పడుతూ వ్యాక్స్ వదిలేసి వెళ్లిపోతారు. ఇందులో ఆ తొందర ఉండదు, తీరిగ్గా కడుగుతారు. కానీ రెండు జాగ్రత్తలు తప్పనిసరి. స్టాప్ బటన్ ఎర్రగా, కంటికి ఎదురుగా ఉండాలి. ఎవరైనా మరిచిపోయి వెళ్లిపోతే తనంతట తాను ఆగేలా గరిష్ఠ మొత్తం సెట్ చేయాలి. లేకపోతే నలభై డాలర్లు పడ్డాయని బ్యాంకుకి ఫోన్ చేస్తారు, గూగుల్‌లో ఒక స్టార్ ఇస్తారు. ఫీజు అయితే ఉంటుంది, చిన్న మొత్తాల మీద శాతం కాస్త ఎక్కువే పడుతుంది. అందుకే కార్డుకి కనీస మొత్తం 4 డాలర్లు పెట్టుకోండి.

ఆడవాళ్ల తరఫున ఒక్క మాట. చీకటిగా ఉన్న బేలోకి నేను రాత్రిపూట కారు పెట్టను. ఎంత చవకైనా సరే, పెట్టను. పైకప్పు కింద తెల్లటి ఎల్‌ఈడీ దీపాలు, వ్యాక్యూమ్‌ల దగ్గర ఒక ఎత్తైన దీపం, కనపడేలా కెమెరాలు ఉండాలి. మీ కస్టమర్లలో ఆడవాళ్లు ఎంతమందో ఒకసారి గమనించండి. తక్కువ ఉంటే కారణం అదే అయి ఉంటుంది.

కొలంబస్_కృష్ణ | ఒహాయో

అందరూ ఖర్చులే చెబుతున్నారు, రేటు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. 4 నిమిషాలకు 2.50 అంటే ఎప్పటి రేటో అది. పేరుకి రేటు అలాగే ఉంచి టైం తగ్గించండి. 2.50కి 3 నిమిషాలు చేయండి. బోర్డు మీద అంకె మారదు కాబట్టి ఎవరికీ తెలియదు.

లాండ్రీ_లక్ష్మి | ఇర్వింగ్, టెక్సాస్

ఒప్పుకోనండి. రెగ్యులర్ కస్టమర్‌కి మొదటి రోజే తెలుస్తుంది. సబ్బు పట్టించేలోపు టైం అయిపోతే తెలియకుండా ఎలా ఉంటుంది? దొంగచాటుగా తీసుకున్నారని మనసులో పడితే ఇక అది పోదు. రేటు బాహాటంగా పెంచండి, టైం నిజాయితీగా ఇవ్వండి. 4 నిమిషాలు 4 డాలర్లు అని పెద్దగా రాయండి. కానీ అన్నీ బాగుచేసి, దీపాలు వెలిగాక పెంచాలి. నురగ రాని బ్రష్‌కి రేటు పెంచితే మాత్రం ఎవరూ క్షమించరు.

ఎడిసన్_అన్న | న్యూజెర్సీ

ఈ విషయంలో నా ఓటు లక్ష్మి గారికే. అలాగే టైం అయిపోయే ముందు బజర్ మోగేలా పెట్టించు తమ్ముడూ, చాలా టైమర్లలో ఆ సదుపాయం ఉంటుంది, పాత ఓనర్లు కట్టేసి ఉంచుతారు. చివరి నిమిషంలో బజర్ మోగితే కస్టమర్ ఇంకో రెండు క్వార్టర్లు వేసి కొనసాగిస్తాడు. అది లేకపోతే నీళ్లు టక్కున ఆగిపోతాయి, మళ్లీ మొదటి నుంచి 4 డాలర్లు వేయాలి, సగం సబ్బుతోనే చిరాకుగా వెళ్లిపోతాడు.

క్వార్టర్లు పూర్తిగా తీసేయకు. మీ దగ్గర పనిమీద తిరిగేవాళ్లు చాలామంది క్యాష్ మనుషులే.

బెజవాడ_సర్వీసింగ్ | విజయవాడ

మా దగ్గర దసరా ముందు రోజుల్లో బండ్లు రాత్రి పదకొండు దాకా లైన్‌లో ఉంటాయి. ఆయుధ పూజకు లారీ దగ్గర నుంచి స్కూటీ దాకా కడగాల్సిందే. మీ హ్యూస్టన్‌లో మనవాళ్లు తక్కువా? గుడిలో వాహన పూజకు వెళ్లే ముందు కారు కడిగించుకుంటారు కదండీ. మీ తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ పెట్టి చూడండి.

పాలకొల్లు_టు_టెక్సాస్

ఇది నాకు తట్టనే లేదండి, చాలా బాగుంది. పెర్లాండ్ మీనాక్షి గుడి మాకు కాస్త దూరమే. కానీ షుగర్ ల్యాండ్, రిచ్‌మండ్ వైపు మనవాళ్లు బోలెడుమంది.

లెక్కల_మాస్టారు | ఆస్టిన్, సీపీఏ

ఆదాయం అంటే లోపలికి వచ్చేదే కాదు, బయటికి పోకుండా ఆపేది కూడా. కొన్ని విషయాలు చెబుతాను, మీ సొంత సీపీఏతో (లైసెన్సు ఉన్న అకౌంటెంట్) సరిచూసుకోండి.

కార్ వాష్ కట్టడానికి పన్ను చట్టంలో ప్రత్యేక స్థానం ఉంది. మామూలు కమర్షియల్ బిల్డింగ్ తరుగుదల 39 ఏళ్లకు లెక్కవేస్తారు, కార్ వాష్ బిల్డింగ్ మాత్రం 15 ఏళ్ల ఆస్తి. తరుగుదల కాలం 20 ఏళ్లలోపు ఉన్న ఆస్తులకు బోనస్ డిప్రిసియేషన్, అంటే తరుగుదలను మొదటి ఏడాదే చూపించుకునే వీలు, వర్తిస్తుంది. 2025 జనవరి 19 తర్వాత సంపాదించిన ఆస్తులకు దాన్ని మళ్లీ 100 శాతం చేశారు. సంబంధం లేని వ్యక్తి దగ్గర కొంటే పాతదైనా ఫరవాలేదు. భూమికి మాత్రం ఇది రాదు. అందుకే కొన్న ధరలో భూమి ఎంత, బిల్డింగ్ ఎంత, పరికరాలు ఎంత అన్న విభజన ముఖ్యం. మీరు, అమ్మినాయన ఇద్దరూ పన్ను శాఖ ఫారం 8594లో ఒకే రకంగా చూపాలి. అయితే ఈ తరుగుదల వల్ల లెక్కల్లో వచ్చే నష్టాన్ని ఉద్యోగం జీతం మీద చూపించుకోవచ్చా లేదా అనేది మీరు వ్యాపారంలో ఎంత సమయం పెడుతున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది. కాబట్టి చేసిన పనికి డైరీ రాసుకోండి.

ఇక ప్రాపర్టీ టాక్స్. టెక్సాస్‌లో వ్యాపార పరికరాల రెండిషన్‌కి (ఏమేం ఉన్నాయో జాబితా ఇవ్వడం) గడువు ఏప్రిల్ 15. పాత ఓనర్ ఎప్పుడో తీసేసిన మెషీన్లు కూడా జాబితాలో ఉండిపోతుంటాయి, చూసుకోండి. విలువ ఎక్కువ వేశారనిపిస్తే ఫోర్ట్ బెండ్ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో మే 15లోపు, లేదా నోటీసు పంపిన 30 రోజుల్లోపు, ఏది తర్వాత అయితే అది, ప్రొటెస్ట్ (అభ్యంతరం) వేయండి. ఆదాయం తక్కువున్న లెక్కలు మీ దగ్గరున్నాయి కదా, ఈ ఏడాదే వాడుకోండి.

కేటీ_కుర్రాడు | కేటీ, టెక్సాస్

మాస్టారూ, నేను హెచ్‌1బీ ఉద్యోగ వీసాలో ఉన్నాను. ఇలాంటిది నేనూ కొనవచ్చా?

లెక్కల_మాస్టారు | ఆస్టిన్, సీపీఏ

పెట్టుబడి పెట్టి వాటాదారుగా ఉండటం వేరు, అక్కడ పనిచేయడం వేరు బాబూ. హెచ్‌1బీ మీద స్పాన్సర్ కంపెనీకి తప్ప ఇంకెక్కడా పనిచేయకూడదు. క్వార్టర్లు తీయడం, నాజిల్ మార్చడం కూడా పనే. మీ శ్రీమతికి హెచ్4 ఈఏడీ (భార్య వీసా మీద పని అనుమతి) ఉంటే ఆవిడ నడపవచ్చు. దిగే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌కి ఫీజు కట్టి అడగండి, ఇక్కడ మేం చెప్పింది నమ్మి దిగొద్దు.

ఎడిసన్_అన్న | న్యూజెర్సీ

వ్యాక్యూమ్‌ల గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. వ్యాక్యూమ్‌కి నీళ్లు అక్కర్లేదు, సబ్బు అక్కర్లేదు, కరెంటు తప్ప ఖర్చు లేదు. వచ్చిన దాంట్లో ఎక్కువ భాగం మిగులుతుంది. లాగడం లేదన్నావు చూడు, మూత తీసి ఫిల్టర్ బ్యాగులు దులుపు, డబ్బా ఖాళీ చెయ్. హోస్ విప్పి ఒక చివర నుంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడు. పిల్లల సాక్సులు, ఫ్రెంచ్ ఫ్రైలు, టిష్యూలు మధ్యలో ముద్దగా ఇరుక్కుని ఉంటాయి. అప్పటికీ లాగకపోతే మోటార్లు మార్చు, అవి పెద్ద ఖరీదు కాదు. వ్యాక్యూమ్‌లకి కూడా కార్డు రీడర్ పెట్టు. టన్నెల్‌లో ఉచితం కదా అంటావేమో. అక్కడ ఉచితం ఉన్నా, ఇక్కడ బాగా లాగితే వాడతారు.

చెత్త డబ్బాలు ప్రతి వ్యాక్యూమ్ పక్కనా ఉండాలి. మూతకు చిన్న రంధ్రమే ఉండాలి, లేకపోతే ఇంటి చెత్త సంచులు తెచ్చి పడేస్తారు.

వెండింగ్‌లో నాలుగే పెట్టు: తుడుచుకునే టవల్, డాష్‌బోర్డ్ వైప్స్, టైర్ షైన్, లిటిల్ ట్రీస్ సువాసన కాగితాలు. మిగతావి దుమ్ము పట్టిపోతాయి.

క్వార్టర్ల డబ్బాలు ప్రతిరోజూ ఖాళీ చెయ్, ఒకే వేళకు వెళ్లకు. ఛేంజర్‌లో ఎప్పుడూ ఎక్కువ నింపి ఉంచకు. తాళాలు మామూలువి ఉంటే మార్చేయ్.

పాలకొల్లు_టు_టెక్సాస్ | మే

అందరికీ అప్‌డేట్. మూడో బే జబ్బు బెజవాడ గారు చెప్పినట్టే నాజిల్, సీల్ కిట్ దగ్గరే తేలింది, కొత్త పంప్ అక్కర్లేకపోయింది. ఆ గన్ను నాజిల్ విప్పి కొత్తదాని పక్కన పెట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా కూడా లేదండి, ఒక పక్కకు సాగిపోయి ఉంది. ఫోమ్ లైన్ బాగైంది. దీపాలన్నీ ఎల్‌ఈడీ చేశాం. రెండు వ్యాక్యూమ్‌లకి మోటార్లు వేశాం. బేలకూ వ్యాక్యూమ్‌లకూ కార్డు రీడర్లు వచ్చాయి. అవన్నీ అయ్యాకే రేటు 4 నిమిషాలకు 4 డాలర్లు చేశాం. ఇద్దరు ముగ్గురు పాత కస్టమర్లు అడిగారు. ఒకాయన మాత్రం ‘కనీసం ఇప్పుడు నీళ్లు వస్తున్నాయి’ అని చెప్పి కడుక్కుని వెళ్లాడు.

ఆటోమేటిక్ విషయం బావమరిది కూడా పక్కన పెట్టాడు. మీ పోస్టులన్నీ కూర్చోబెట్టి చదివించాను.

ఇంకో సమస్య. పడవల బేలో ఇసుక, బురద చాలా చేరుతోంది. డ్రైన్ నెమ్మదించింది.

ఎడిసన్_అన్న | న్యూజెర్సీ

ఇల్లు అలకగానే పండగ కాదు తమ్ముడూ, ఇప్పుడే అసలు పని మొదలైంది. ఆ బే కింద గుంట ఉంటుంది, ఇసుక అందులో దిగుతుంది. అది నిండితే ఇసుక మురుగు పైపులోకి పోయి నీకు వేలల్లో ఖర్చు తెస్తుంది. నెలకోసారి కర్ర దించి ఇసుక ఎంత ఎత్తు చేరిందో కొలువు. టెక్సాస్‌లో ఆ మట్టిని ఎవరితో పడితే వారితో తీయించి ఎక్కడంటే అక్కడ పోయకూడదు. టీసీఈక్యూలో (రాష్ట్ర పర్యావరణ శాఖ) రిజిస్టర్ అయిన ట్రక్కువాళ్లే తీసుకెళ్లాలి, వాళ్లిచ్చే మ్యానిఫెస్ట్ కాగితం ఫైల్లో దాచుకో.

మే నెల వచ్చింది కదా, మీ గల్ఫ్ తీరంలో లవ్ బగ్స్ అనే ఎగిరే పురుగులు గుంపులుగా వస్తాయి. మళ్లీ సెప్టెంబర్‌లో ఇంకోసారి. బంపర్ మీద, అద్దం మీద ఎండలో ఎండిపోతే పెయింట్ దెబ్బతింటుంది. అవి ఎండాక టన్నెల్ ఒక్కసారి తోస్తే పోవు, ప్రీ సోక్ పట్టించి నానబెట్టి రుద్దాలి. డయల్‌లో ఒక ఫంక్షన్‌ని పురుగుల సబ్బుగా మార్చి, రోడ్డు మీదకు కనిపించేలా బోర్డు పెట్టు.

పాలకొల్లు_టు_టెక్సాస్ | సెప్టెంబర్

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఆగస్టు గ్రాస్ 7,800 దగ్గరికి వచ్చింది. అందులో సగానికి పైగా కార్డుల మీదే. కార్డు కస్టమర్ సగటున క్వార్టర్ల కస్టమర్ కన్నా బాగా ఎక్కువ ఖర్చుపెడుతున్నాడు, లక్ష్మి గారి మాట అక్షరాలా నిజం. అందరికన్నా ఎక్కువ తెచ్చేది పైకప్పు లేని బే. ఆదివారం సాయంత్రం అక్కడ ట్రైలర్లు వరుసలో ఉంటున్నాయి. పడవలవాళ్ల కోసం హోస్ పొడవు పెంచాం, రాత్రిపూట ఒక దీపం అదనంగా వేశాం. పురుగుల సబ్బు బోర్డు కూడా బాగా పనిచేసింది. మా తెలుగు గ్రూపుల్లో దసరాకి మెసేజ్ రెడీ చేశాను, ఆ వారం రాత్రిపూట మేమే ఎవరో ఒకరం అక్కడ ఉంటాం.

ఇప్పుడు భయం చలికాలం గురించే. 2021 ఫిబ్రవరిలో వచ్చిన మంచు తుఫానులో ఇక్కడ చాలా కార్ వాష్‌ల పైపులు పగిలాయని పక్క షాపువాళ్లు చెబుతున్నారు. మాకు వీప్ సిస్టమ్ ఉంది, చలి పడితే గన్నుల్లోంచి సన్నగా నీళ్లు కారుతుంటాయి. అది సరిపోతుందా అన్నా?

ఎడిసన్_అన్న | న్యూజెర్సీ

మామూలు చలికి సరిపోతుంది. కానీ ఆ తుఫానులో మీ దగ్గర కరెంటూ పోయింది, హ్యూస్టన్‌లో నీళ్ల ప్రెషరూ పడిపోయింది. నీళ్లు రాకపోతే వీప్ ఏం చేస్తుంది? డిసెంబర్ రాకముందే ఇవి చూసుకో. వీప్ థర్మోస్టాట్ పనిచేస్తోందో లేదో దాని బల్బుని ఐస్ నీళ్లలో ముంచి పరీక్షించు. ఎక్విప్‌మెంట్ రూమ్‌లో హీటర్ పెట్టు, తలుపు కింద సందు మూసేయ్. మెయిన్ వాల్వు ఎక్కడుందో నీకూ, మీ బావమరిదికీ చీకట్లోనైనా తెలియాలి.

కరెంటు పోతుందన్న అనుమానం వస్తే ఆశపడి తెరిచి ఉంచకు. నీళ్ల మెయిన్ వాల్వు కట్టేసి, పంపులు ఆపి, కంప్రెసర్ గాలితో ప్రతి గన్ను లైన్, ప్రతి బ్రష్ లైన్ ఊదేయ్, ఇక నీటిచుక్క కూడా రాకుండా పోయేదాకా. ఆర్‌వో హౌసింగ్‌లు కూడా ఖాళీ చెయ్, అవి మొదట పగిలేవి. ఫోమ్ కోసం ఉన్న చిన్న కంప్రెసర్ దీనికి చాలదు, పెద్ద ట్యాంకు ఉన్నది ఒకటి చూసుకో. వాడినది అయినా ఫరవాలేదు, పెట్రోల్‌తో నడిచేదైతే మంచిది, కరెంటు లేనప్పుడే కదా దాని అవసరం.

పాలకొల్లు_టు_టెక్సాస్

పెట్రోల్ కంప్రెసర్ ఇక్కడ ఒక రూఫింగ్ ఆయన అమ్మకానికి పెట్టాడన్నా, 20 గ్యాలన్ల ట్యాంకు. ఐదు బేలకి చాలుతుందా?

ఎడిసన్_అన్న | న్యూజెర్సీ

చాలుతుంది, ఒక్కో లైన్ ఊదాక ట్యాంకు మళ్లీ నిండేదాకా ఆగు. కొనే ముందు కింద ఉండే డ్రైన్ ప్లగ్ విప్పించి చూడు, తుప్పునీళ్లు వస్తే వదిలేయ్. రెగ్యులేటర్ లేకుండా నేరుగా కలపకు, గాలి ప్రెషర్ తగ్గించి పంపించు, లేకపోతే ఫోమ్ లైన్ సన్న ట్యూబులు ఊడిపోతాయి.